ట్రాలీ వెనుక వెలగని ఎర్ర లైట్.. స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా? అసలు లోపం ఎక్కడుంది?

వరి కోతలు మొదలయ్యాయంటే చాలు.. చీకటి పడ్డాక ఊళ్ల రోడ్లన్నీ ట్రాక్టర్లతో నిండిపోతాయి. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి రైస్ మిల్లుకు వడ్ల బస్తాలు కదులుతూనే ఉంటాయి. మిర్యాలగూడ మిల్లుల దారైనా, గుంటూరు మిర్చి యార్డు దారైనా, వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారైనా సీజన్‌లో సీన్ ఒక్కటే. ముందు ట్రాక్టర్ హెడ్‌లైట్ వెలుగుతుంది. వెనుక ట్రాలీ మాత్రం చీకట్లో కలిసిపోతుంది.

వెనుక నుంచి బైక్ మీద వచ్చేవాడికి ఆ ట్రాలీ కనిపించేది చివరి క్షణంలోనే. అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

ఏటా ఇదే టైమ్‌లో పోలీసులు, రవాణా శాఖ సిబ్బంది ట్రాక్టర్లు ఆపి ట్రాలీలకు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటిస్తారు. మంచి పనే. కానీ ఆ ట్రాలీ వెనుక లైట్ వెలుగుతోందా లేదా అన్నది చూసేవాళ్లు తక్కువ. సమస్య సగం అక్కడే మిగిలిపోతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవాళ్లే. ఒక వాహనాన్ని మరో వాహనం వెనుక నుంచి ఢీకొట్టిన ఘటనలు మొత్తం ప్రమాదాల్లో దాదాపు ఐదో వంతు.

ఇవన్నీ ట్రాక్టర్ ప్రమాదాలు కావు. కానీ వెనుక నుంచి ఢీకొట్టడం మన రోడ్ల మీద ఎంత మామూలైపోయిందో ఈ లెక్క చెబుతోంది. 2024 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్‌ను రాత్రిపూట ఓ లారీ వెనుక నుంచి ఢీకొట్టింది. 10 మంది కూలీలు చనిపోయారు. తప్పు ఎవరిదైనా సరే, ట్రాలీ మీద కూర్చున్నవాళ్లకు తప్పించుకునే దారి ఉండదు.

155 మీటర్ల రూల్ ఎందుకు పెట్టారు?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో రూల్ 105 చాలా స్పష్టంగా ఉంది. సూర్యాస్తమయం అయిన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు రోడ్డు మీద ఉన్న వాహనానికి వెనుక ఎర్ర లైట్ వెలగాలి. అది 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి.

'ట్రాలీ వాహనం ఎలా అవుతుంది, దానికి ఇంజినే లేదు కదా' అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 'మోటారు వాహనం' నిర్వచనంలోనే ట్రెయిలర్‌ను కూడా చేర్చారు. రిజిస్ట్రేషన్ నిబంధనలు ట్రెయిలర్లకూ వర్తిస్తాయని సెక్షన్ 61 చెబుతోంది. అంటే ట్రాక్టర్‌కు ఒక నంబర్, ట్రాలీకి ఒక నంబర్ ఉండాలి.

ఇక 155 మీటర్ల సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైక్ సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాలీ ఎర్ర లైట్ 155 మీటర్ల దూరంలో కనిపిస్తే బైకర్ చేతిలో 9 సెకన్లు ఉంటాయి. హాయిగా స్లో అవ్వొచ్చు, పక్కకు తప్పుకోవచ్చు.

అదే లైట్ లేకపోతే? డిమ్ లైట్‌లో 40 మీటర్ల దూరంలో ట్రాలీ కనిపించిందనుకుందాం. చేతిలో ఉండేది రెండున్నర సెకన్ల లోపే. చూసి, అర్థం చేసుకుని, బ్రేక్ మీద కాలు వేసేలోపు ఒకటిన్నర సెకను పోతుంది. ఆలోపే 25 మీటర్లు వెళ్లిపోతుంది. మిగిలింది 15 మీటర్లు. ఆ వేగంలో మంచి రోడ్డు మీద కూడా బైక్ ఆగడానికి 20 మీటర్లకు పైనే కావాలి. ఎదురుగా లారీ హై బీమ్ కొడుతుంటే ఆ 40 మీటర్లు కూడా దక్కవు.

స్టిక్కర్ ఏం చేస్తుంది? ఏం చేయలేదు?

రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు. వెనుక వాహనం లైట్ దాని మీద పడితేనే మెరుస్తుంది. బైక్ హెడ్‌లైట్ బలహీనంగా ఉన్నా, స్టిక్కర్ మీద బురద పేరుకున్నా పని అంతంతమాత్రమే. ముందున్న ట్రాక్టర్ బ్రేక్ వేసిందా, కుడివైపు పొలం బాటలోకి తిరగబోతోందా అన్నది స్టిక్కర్ చెప్పలేదు. అది చెప్పగలిగేది బ్రేక్ లైట్, ఇండికేటర్ మాత్రమే.

అలాగని స్టిక్కర్ వద్దని కాదు. ట్రాక్టర్ నుంచి విప్పి రోడ్డు పక్కన వదిలేసిన ట్రాలీకి కరెంటే ఉండదు. అప్పుడు దాన్ని కాపాడేది రిఫ్లెక్టరే. గడ్డి లోడు కిందికి వేలాడి లైట్లను కప్పేసినప్పుడు కూడా లోడు చివర కట్టిన రిఫ్లెక్టర్ పట్టీయే దిక్కు. కాబట్టి రెండూ కావాలి. మనం ఒక్కదాంతో సరిపెట్టుకుంటున్నాం.

ఇంకో విషయం. ట్రాక్టర్‌కు సొంతంగా వెనుక లైట్లు ఉంటాయి. కానీ ట్రాలీ తగిలించగానే అవి దాని వెనుక దాక్కుంటాయి. డ్రైవర్ స్విచ్ వేస్తాడు, డ్యాష్‌బోర్డ్ మీద లైట్ వెలుగుతుంది, అంతా బాగానే ఉందనుకుంటాడు. ట్రాలీ లైట్ పోయిందని అతనికి తెలిసే దారే లేదు.

ఎందుకు ఇన్నిసార్లు పాడవుతుంది?

చాలా ట్రాక్టర్లకు వెనుక 7 పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్యాటరీ 12 వోల్టులు. ట్రాలీ నుంచి వచ్చే ప్లగ్‌ను అందులో పెడితే లైట్లు వెలగాలి. సమస్య ట్రాలీ దగ్గర మొదలవుతుంది. చాలా ట్రాలీలు ఊరి పక్క వెల్డింగ్ షాపుల్లో తయారవుతాయి. ఇనుము, టైర్లు, లిఫ్టింగ్ జాకీ గురించి బేరం నడుస్తుంది. వైరింగ్ గురించి ఎవరూ అడగరు.

ఆ తర్వాత బురద, దుమ్ము, వాన, ఎలుకలు. బస్తాలు ఎక్కించేటప్పుడు హమాలీ కాలు లైట్ మీద పడుతుంది. ఒకే ట్రాలీని ఇవాళ ఒకరి ట్రాక్టర్‌కు, రేపు ఇంకొకరి ట్రాక్టర్‌కు తగిలిస్తారు. ప్లగ్ సరిపోకపోతే దాన్ని కోసేసి వైర్లు చేత్తో మెలిపెట్టి టేప్ చుడతారు. వారం తిరక్కముందే అది ఊడిపోతుంది.

లోపం కనిపెట్టడం ఇలా..

ఇది పెద్ద మెకానిక్ పని కాదు. వరుసగా చూసుకుంటూ వెళ్తే గంటలో తేలిపోయే పని.

1. ముందు ట్రాలీ ప్లగ్ విప్పేయాలి. ఒక 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్ చేసుకోవాలి. ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సాకెట్‌లో 3వ పిన్ ఎర్త్. 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి ఇండికేటర్. 5 కుడి వెనుక లైట్, 7 ఎడమ వెనుక లైట్. 6 బ్రేక్ లైట్. 2వ పిన్ వాడకం కంపెనీని బట్టి మారుతుంది. ఒకసారి ట్రాక్టర్ మాన్యువల్‌తో సరిచూసుకోవడం మంచిది.

2. టెస్ట్ ల్యాంప్ ఒక వైరు 3వ పిన్ మీద, ఇంకోటి మిగతా పిన్నుల మీద పెట్టాలి. స్విచ్ వేసినప్పుడు, బ్రేక్ నొక్కినప్పుడు, ఇండికేటర్ ఆన్ చేసినప్పుడు బల్బు వెలిగితే ట్రాక్టర్ వైపు అంతా ఓకే. లోపం ట్రాలీలో ఉన్నట్టు. వెలగకపోతే ఫ్యూజ్, స్విచ్, సాకెట్ వెనుక వైర్లు చూడాలి. 3వ పిన్ బదులు ట్రాక్టర్ బాడీకి ఆనించినప్పుడే వెలిగితే సాకెట్ ఎర్త్ వైరు తెగిందని అర్థం.

3. ట్రాలీలో ఎక్కువగా దొరికే దొంగ ఎర్త్. లైట్లన్నీ మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే వెనుక లైట్ కూడా దాంతో పాటు కొట్టుకోవడం, బ్రేక్ నొక్కితే వేరే లైట్ వెలగడం.. ఇవన్నీ ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తులు. ఆగి ఉన్నప్పుడు బాగా వెలిగి, కదిలితే మినుకుమినుకుమంటే కరెంట్ ట్రాలీని తగిలించే పిన్ను ద్వారా పోతోందన్నమాట. ఆ పిన్ను మీద గ్రీజు, తుప్పు ఉంటాయి. దాన్ని నమ్ముకోకూడదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడవాటి వైరు తీసుకెళ్లి ట్రాలీ లైట్ ఎర్త్‌కు తాకించి చూడాలి. లైట్ ఒక్కసారిగా బాగా వెలిగిందా? లోపం దొరికినట్టే. 3వ పిన్ నుంచి లైట్ల దాకా విడిగా ఎర్త్ వైరు లాగితే సరిపోతుంది.

4. ఒక్క లైటే వెలగకపోతే బల్బు, హోల్డర్ తుప్పు చూడాలి. వెనుక లైట్, బ్రేక్ లైట్ ఒకే బల్బులో ఉంటే అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒక ఫిలమెంట్ బల్బు పెట్టినా, తిప్పి పెట్టినా రెండూ తికమక అవుతాయి.

5. ఫ్యూజ్ పదేపదే పోతుంటే ఎక్కడో వైరు ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. ట్రాలీ ఎత్తే చోట, చాసిస్ మలుపుల దగ్గర వెతకాలి. ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టడం మాత్రం అస్సలు వద్దు. అప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. పక్కనే పత్తి, గడ్డి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పని అయ్యాక వైర్లను ప్లాస్టిక్ పైపులో పెట్టి చాసిస్‌కు బిగించాలి. సాకెట్ మూత ఊడిపోతే కొత్తది వేయాలి. మొత్తం కలిపి అయ్యే ఖర్చు లోడు డీజిల్‌తో పోలిస్తే పెద్దదేమీ కాదు.

మరి బాధ్యత ఎవరిది?

రైతు అడిగేది కూడా న్యాయమే. కాంటా కోసం రోజుల తరబడి కేంద్రం దగ్గర పడిగాపులు పడి, లోడు దొరికిన రాత్రే బయలుదేరాలి. అప్పుడు బల్బు కోసం టౌన్‌కు వెళ్లే తీరిక ఎక్కడిది? పైగా చాలా ట్రాక్టర్లు కిరాయివి. ట్రాక్టర్ ఒకరిది, ట్రాలీ ఇంకొకరిది, డ్రైవర్ మరొకరు. లైట్ ఎవరు బాగు చేయించాలన్నది ఎవరికీ పట్టదు.

కానీ ప్రమాదం జరిగాక లెక్క మారిపోతుంది. పరిహారం కేసుల్లో ట్రిబ్యునళ్లు రెండు వైపులా నిర్లక్ష్యం ఎంతన్నది చూస్తాయి. లైట్ లేకుండా రోడ్డు మీద ఉన్న ట్రాలీ అన్నది ఓనర్‌కు వ్యతిరేకంగా నిలిచే పాయింట్. ట్రాలీకి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేకపోతే ఆ భారం నేరుగా అతని మీదే పడొచ్చు. అటు బైకర్ కుటుంబం కోర్టు చుట్టూ తిరగాలి. ఒక ఎర్త్ వైరు తెగినందుకు రెండు ఇళ్లు నలిగిపోతాయి.

ఫైన్ వేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. రోడ్డు మీద ఆపి చలానా రాస్తే ట్రాలీ అదే చీకట్లో ముందుకు కదులుతుంది. చెక్ చేయాల్సిన చోటు వేరే ఉంది. ట్రాక్టర్లన్నీ వరుసగా ఆగేది కొనుగోలు కేంద్రం దగ్గర, మిల్లు గేటు దగ్గర, మార్కెట్ యార్డు దగ్గర. సీజన్ రెండు నెలలు అక్కడ ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను, నాలుగు బల్బులు, కాస్త వైరుతో కూర్చోబెడితే లైన్‌లో నిలబడ్డ టైమ్‌లోనే పని అయిపోతుంది. స్టిక్కర్లు పంచే డ్రైవ్ కూడా అక్కడే పెట్టొచ్చు. ట్రాలీలు తయారు చేసే షాపుల దగ్గరే సాకెట్, లైట్లు, విడి ఎర్త్ వైరు ఉంటేనే రిజిస్ట్రేషన్ అన్నది గట్టిగా అమలైతే సమస్య మొదట్లోనే తగ్గుతుంది.

అప్పటిదాకా ట్రాక్టర్ వాళ్ల చేతిలో ఉన్నది రెండు నిమిషాల పని. బయలుదేరే ముందు ఒకరు సీట్లో కూర్చుని లైట్, బ్రేక్, రెండు ఇండికేటర్లు వేయాలి. ఇంకొకరు ట్రాలీ వెనక్కి వెళ్లి నిలబడి చూడాలి. లోడు లైట్లను కప్పేస్తోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. దారిలో పంక్చర్ అయి ఆగితే రోడ్డు మీద రాళ్లు, కొమ్మలు పెట్టి వదిలేయకుండా వెనుక కాస్త దూరంలో రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టాలి. వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీసేయాలి. వెనుక వచ్చేది పక్క ఊరి కుర్రాడే కావొచ్చు. వాడికి ఆ ఎర్ర లైట్ 155 మీటర్ల ముందే కనిపించాలి.