చెత్తకు లెక్క ఉండాలి



"సిస్టరుగారూ, మా అబ్బాయి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. వాళ్ళ ల్యాబులో రేడియేషన్ చెత్త ఉంటుందట. మానిపించమంటారా?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగారు. మానిపించనక్కరలేదన్నాము. ఆ చెత్తకు లెక్క ఎవరు రాస్తున్నారో మాత్రం కనుక్కోమన్నాము.

జీవశాస్త్ర ల్యాబులలో ఫాస్ఫరస్-32 వంటి రేడియోధార్మిక పదార్థాలను కొద్ది మోతాదులో వాడతారు. అవి అంటిన గ్లోవ్సు, ట్యూబులు, తుడిచిన కాగితాలే ఈ చెత్త. ఫాస్ఫరస్-32 శక్తి సుమారు 14 రోజులకు సగమవుతుంది. మరో 14 రోజులకు అందులో సగం. థైరాయిడ్ రోగులకిచ్చే అయొడిన్-131కు 8 రోజులే చాలు. ఇలా పదిసార్లు సగమైతే వెయ్యో వంతే మిగులుతుంది. ఫాస్ఫరస్‌కైతే దాదాపు ఐదు నెలలు. అంతవరకు డబ్బా మీద పేరు, తేదీ రాసి తాళం వేసి ఉంచుతారు. తర్వాత మీటరుతో పరీక్షించి, హెచ్చరిక గుర్తు తీసేసి పారవేస్తారు.

కార్బన్-14 సగం కావడానికి 5,730 ఏళ్ళు పడుతుంది. దానిని అధికారిక సంస్థకు అప్పగించవలసిందే. ఆ ట్యూబు ఒక్కటి ఫాస్ఫరస్ డబ్బాలో పడితే ఇక ఎన్ని నెలలు ఆగినా ప్రయోజనం లేదు. వార్డులో మామూలు చెత్తబుట్టలో సూది వేసినట్టే. (ఎన్నిసార్లు చెప్పినా వేసేవారున్నారు, అది వేరే సంగతి.)

లెక్క తప్పితే ఏమవుతుందో 2010లో ఢిల్లీలో చూశాము. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న ఒక పరికరాన్ని పాత సామానుగా వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉంది. మాయాపురి తుక్కు దుకాణాలలో దానిని విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అది ల్యాబు చెత్తలా తక్కువ శక్తిది కాదు, నిజమే. కాని లోపల ఏముందో గుర్తున్నవారు లేకపోవడమనే తప్పు రెండుచోట్లా జరగగలదు.

రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు ఉండాలని నియమాలున్నాయి. అది చాలదని మా అభిప్రాయం. ప్రొఫెసరుగారు రిటైరయ్యే ముందు బీరువాలు తెరిచి, ఒక్కొక్క సీసా చూపించి, సంతకం తీసుకుని అప్పగించాలి. ఆ కాగితం లేనిదే పెన్షన్ ఫైలు కదలకూడదు. కఠినం అంటారేమో. మా వార్డులో మార్ఫిన్ ఆంప్యూలు ఒక్కటి తగ్గినా, లెక్క తేలేవరకు మేము డ్యూటీ దిగము.