బిగించడం వేరు, బలపరచడం వేరు

ముప్పయ్యేళ్లకు పైగా సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికిన నావంటివాడు మోటారు సైకిలు షాకబ్జర్ల మీద వ్యాసం రాయడం మీకు వింతగా తోచవచ్చు. కాని ఈ తగవుకు మూలం ఒక మాట. మాట దగ్గర తప్పు జరిగినప్పుడు తెలుగు పంతులు ఊరుకోకూడదు.

ఆ మాట "టైటు". మా తుళ్లూరులో బండి కుదుపుతోందని అనడమే తడవుగా "షాకబ్జర్లు టైటు చేయించు" అనే సలహా సిద్ధం. మెకానిక్కు వెనుక స్ప్రింగుల అడుగున ఉన్న మెట్ల కప్పును ఐదో మెట్టుకు తిప్పేస్తాడు. కుదుపు తగ్గదు సరికదా, పెరుగుతుంది. అప్పుడు కొత్త జత వేయించమంటారు. మొదటి సలహా అజ్ఞానం. రెండవది ఆ అజ్ఞానానికి మనం చెల్లించే జరిమానా.

మెట్టు తిప్పినంత మాత్రాన స్ప్రింగు గట్టిపడదు. దాని గట్టిదనం తీగ మందాన్నీ, చుట్ల సంఖ్యనూ, చుట్టు వెడల్పునూ బట్టి తయారీనాడే నిర్ణయమైపోయింది. మెట్టు పెంచితే స్ప్రింగు ముందుగానే కొంత నొక్కుకుని బండి వెనుక భాగం ఎత్తుగా నిలుస్తుంది. అంతే! ఒంటరిగా నడిపేవాడు చివరి మెట్టు పెట్టుకుంటే, గుంట రాగానే చక్రం కిందికి దిగడానికి చోటు మిగలదు, నేలను వదిలేస్తుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకు పనిచేయదు. కనుక ఇది సుఖానికి సంబంధించిన చర్చ కాదు, ప్రాణానికి సంబంధించినది.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిమీది రోడ్డూ అలలు తేలుతుంది. 2015లో పక్కనున్న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది గాని, నేల స్వభావం మారలేదు. ఇలాంటి నేల మీద తిరిగేవాడికి కావలసింది బిగువు కాదు, ఒదుగు.

ఈ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఒకసారి మంగళగిరి నుంచి వస్తుండగా స్పీడు బ్రేకరు మీద మా ఇంటావిడ సీటు మీంచి ఎగిరి, అంచున పడి, నా చొక్కా పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ ఉదయమే "టైటు" చేయించుకొచ్చాను. అడిగింది నేనే, తప్పూ నాదే. బండితో పాటు ఇచ్చిన పుస్తకాన్ని ఆ రాత్రి బీరువాలోంచి తీసి మొదటిసారి చదివాను. ఊరి పిల్లలందరికీ పుస్తకం చదవమని చెప్పినవాణ్ణి!

ఖర్చులేని పరీక్ష చెబుతాను. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు పుస్తకంలో చెప్పినంత గాలి పట్టించండి. సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత స్టాండు తీసి, మీరు కూర్చుని, ఇంకొకరిచేత కొలిపించండి. చక్రానికున్న మొత్తం కదలికలో సుమారు మూడో వంతు దిగితే సరి. తక్కువ దిగితే మెట్టు తగ్గించండి, ఎక్కువ దిగితే పెంచండి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ముందు ఫోర్కులలో పుస్తకం చెప్పిన ఆయిలే, చెప్పిన కొలతే, రెండింటా సమానంగా పోయించండి. మిగిలిన ఇంజనాయిలు పోసే పొదుపు పొదుపు కాదు.

మిరప టిక్కీ వేసుకుని గుంటూరు యార్డుకు పోయే రైతు మెట్టు పెంచుకోవాలి, కాదనను. దించి వచ్చేటప్పుడు తగ్గించుకోవాలి కదా! ఆయిలు కారిపోయి, నొక్కి వదిలితే ఊగుతూనే ఉండే షాకబ్జర్లను జతగా మార్చవలసిందే, అదీ కాదనను. కొలవకుండా మార్చడాన్నే కాదంటున్నాను.

ఇకమీదట "టైటు చెయ్యి" అనకండి. "నా బరువుకు సరిచెయ్యి" అనండి. మాట మారితే పని మారుతుంది. ఒప్పుకోనివారు ముందు టేపుతో కొలిచి, ఆ తర్వాత వాదానికి రండి. నేను సిద్ధం.