వాళ్ల మాట వాళ్లనే చెప్పనివ్వండి

గ్రీన్ కార్డు మీద అమెరికా వెళ్లి, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో స్థిరపడిన మన పెద్దవాళ్లకు ఇంగ్లిష్ రాదంటే ఆ తప్పును వయసు మీదకు నెట్టేస్తాం. డల్లాస్ శివార్లలోనో, ఎడిసన్‌లోనో వాళ్ల రోజు ఎలా గడుస్తుందో గమనిస్తే వేరే కారణం కనబడుతుంది. డాక్టరు అమ్మను అడిగిన ప్రశ్నకు కూతురు జవాబు చెబుతుంది. మందుల షాపు నుంచి ఫోనొస్తే కొడుకు అందుకుంటాడు. కొట్లో బిల్లు దగ్గర మనవడు ముందుకొస్తాడు. ఎవరికీ దురుద్దేశం లేదు, ఉన్నదల్లా తొందర, కాస్త ప్రేమ. కానీ నోరు విప్పే అవసరమే రాని మనిషికి భాష ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో ఇంగ్లిష్ నేర్పాలనుకునేవాళ్లు పుస్తకాలు, యాప్‌లు వెతికే ముందు పెద్దల బదులు తాము మాట్లాడటం తగ్గించుకోవాలి.

ఈ వయసులో వాళ్లకు ఇంగ్లిష్‌తో పనేముంది, మేమున్నాం కదా అంటారు పిల్లలు. పౌరసత్వం సంగతే చూద్దాం. 62వ ఏట గ్రీన్ కార్డు అందుకున్న తల్లి మామూలుగా 67లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్ద వయసువాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే 55 దాటినవాళ్లకు అది గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు నివసించాకే వర్తిస్తుంది. అంటే ఈమెకు 77 రావాలి. వైద్య కారణాల మీద ఇచ్చే మినహాయింపు వేరే ఉంది, అది అందరికీ దక్కేది కాదు. నిజానికి చదవడం, రాయడం అంత భయపడాల్సినవేం కావు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదివి, మూడింట్లో ఒకటి సరిగ్గా రాస్తే చాలు. చిక్కంతా మాట్లాడటంలోనే. అధికారి దరఖాస్తు ముందు పెట్టుకుని అడ్రసు, ప్రయాణాలు, కుటుంబం గురించి అడుగుతుంటే పక్కనుంచి కొడుకు అందుకుని జవాబు చెప్పడానికి వీల్లేదు.

మరి ఏం నేర్పాలి? టెన్సులతో మొదలుపెట్టారా, పది రోజుల్లో ఇద్దరికీ విసుగొస్తుంది. రోజూ తగిలే పనితో మొదలుపెట్టడం మేలు. అక్కడ మందుల షాపు కౌంటర్లో ముందుగా అడిగేవి పేరు, పుట్టిన తేదీ. మనం రోజు ముందు చెప్పి నెల తర్వాత చెబుతాం, వాళ్లు నెల ముందు చెబుతారు. జూలై 4న పుట్టినావిడ ‘ఫోర్, సెవెన్’ అంటే వాళ్ల లెక్కలో ఏప్రిల్ 7, ఇక కంప్యూటర్లో ఆవిడ పేరు దొరకదు. నెలను పేరుతో చెప్పడం అలవాటు చేస్తే ఆ తంటా ఉండదు. 911కి ఫోన్ చేస్తే ముందు అడ్రసు చెప్పాలని, ‘తెలుగు ఇంటర్‌ప్రిటర్, ప్లీజ్’ అని అడగాలని నేర్పడమూ ఇంగ్లిష్ నేర్పడమే. 2025 మార్చిలో ట్రంప్ ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటించినా, ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ రాని రోగికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత చట్టంలో అలాగే ఉంది. కూతురే దుబాసీ అయితే చెడు కబురును మధ్యలోనే మింగేసే ప్రమాదముంది. తల్లి కూడా తన ఒంట్లో బాధలన్నీ బిడ్డ ముందు బయటపెట్టదు.

ఫోనులో అనువాదం ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. మందు డబ్బా మీద చీటీ చదవడానికి అది అక్కరకొస్తుంది, గుండెనొప్పి వచ్చినప్పుడు దాన్ని తెరిచి టైపు చేసే ఓపిక ఎవరికుంటుంది? ఇక ఉత్సాహం ఎక్కువై, ప్రాక్టీసు పేరుతో ఇంట్లో అందరూ ఇంగ్లిష్‌లోకి దిగిపోవడం ఇంకో పొరపాటు. చాలా ఇళ్లలో మనవళ్ల చెవిన పడే నిండైన తెలుగు నానమ్మదో అమ్మమ్మదో మాత్రమే, దాన్నీ పోగొట్టుకోవడం ఎందుకు? రోజుకో పావుగంట ఇంగ్లిష్‌కు కేటాయించి, మిగతా రోజంతా తెలుగు సాగనివ్వాలి. ఆ పావుగంటలో యాసను చూసి పిల్లలు నవ్వకుండా చూసుకోవాలి. భోజనాల బల్ల దగ్గర ఒక్కసారి నవ్వితే తాతగారు మళ్లీ నోరు తెరవరు. యాస మారకపోయినా ఫర్వాలేదు, అవతలివాళ్లకు అర్థమైతే చాలు. తీరిక లేదన్న మాటను మాత్రం కొట్టిపారేయలేం. అందుకే ఆ పని కొంత బయటివాళ్లకు అప్పగించాలి. చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే తరగతులు ఉచితంగా నడుపుతాయి. బస్సు లేని శివార్లలో దింపి రావడానికి ఎవరో ఒకరు కారు తీయాలి. పిల్లల కూచిపూడికీ లెక్కల ట్యూషన్‌కీ తీస్తున్న కారే అది.