చంటిబిడ్డ బట్టలకు ఏ సబ్బు?



క్రిస్మస్ వచ్చిందంటే లూకా సువార్త రెండవ అధ్యాయం చదువుకుంటాం. మన కళ్ల ముందు పశువుల తొట్టి నిలుస్తుంది. అయితే ఆ తొట్టిలో పడుకోబెట్టక ముందే మరియమ్మ తన బిడ్డకు పొత్తిగుడ్డలు చుట్టింది. ఏ బిడ్డకైనా ఈ లోకంలో మొదట తగిలేది మనిషి చేయి, ఆ తర్వాత గుడ్డ. రాత్రింబగళ్లు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే ఆ గుడ్డను దేనితో ఉతకాలి? చిన్న ప్రశ్నే. దానికి జవాబు తెలియక మా ఇంట్లో ఒక బాలింతను అన్యాయంగా బాధపెట్టాం. ఆ సంగతి ఒప్పుకునే ఈ నెల మాటలు మొదలుపెడుతున్నాం.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. నెల తిరిగేసరికి వాడి మెడ ముడతల్లో, చంకల్లో, మొలచుట్టూ ఎర్రని పొక్కులు లేచాయి. రాత్రంతా ఏడుపే. చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకే మాట, "బాలింత పథ్యం తప్పింది" అని. మేమూ నమ్మాం. ముందు గుడ్డు మానిపించాం, తర్వాత పప్పు, ఆ తర్వాత వంకాయ, చివరికి పెరుగు. చారన్నంతో ఆ పిల్ల చిక్కిపోయిందే గాని బిడ్డ పొక్కులు తగ్గలేదు. "నా పాలే వాడికి పడడం లేదేమో అమ్మా" అని ఒక రాత్రి అది ఏడ్చింది. ఆ మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది.

మరునాడు మా సంఘంలో నర్సుగా పనిచేసి విరమించిన అక్కగారు ఒకరు వచ్చారు. బిడ్డను చూశారు. తర్వాత పెరట్లోకి వెళ్లి, దండెం మీద ఆరిన బిడ్డ చొక్కా ఒకటి తీసి, గిన్నెడు శుభ్రమైన నీళ్లలో వేసి నాలుగుసార్లు పిసికారు. నీళ్ల మీద నురుగు తేలింది. "ఇది ఉతికిన చొక్కాయేనా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు. బిడ్డ బట్టలు కదా అని పొడి రెండింతలు వేస్తున్నాం. తెల్లగా ఉండాలని నీలిమందు, మంచి వాసన రావాలని ఇంకో ద్రవం కలుపుతున్నాం. నీళ్లు మోసుకురావాలి గనుక ఒక్కసారే జాడిస్తున్నాం. తప్పు తల్లి కంచంలో లేదు, మా బకెట్టులో ఉంది!

చంటిబిడ్డ చర్మం మన చర్మం కన్నా పలుచన. ఆరోగ్యమైన చర్మానికి పైన కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. అదే దానికి కాపుదల. పుట్టిన తొలివారాల్లో ఆ కాపుదల ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. సబ్బుకు, చాకలి సోడాకు ఉన్నది క్షారగుణం. అవి గుడ్డలో మిగిలిపోయి చెమటకో మూత్రానికో తడిస్తే ముడతల్లో ఒరుసుకుని మండుతాయి.

అయితే ఏది కొనాలి? పెట్టె మీద పాప బొమ్మ ఉన్నంత మాత్రాన అది మెత్తనిదని అనుకోవద్దు. వాసన లేనిది, లేదా తక్కువ వాసన గలది చూడండి. చర్మానికి పడని వాటిలో సువాసనల కోసం కలిపే పదార్థాలు ముఖ్యమైనవి. రంగులు కలిపినవి, చాకలి సోడా ఎక్కువగా ఉండే చవకరకం పొడులు వద్దు. నీలిమందు మురికిని తీయదు, రంగు మాత్రమే వేస్తుంది. మెత్తదనం కోసం అమ్మే ద్రవాలు నూలుగుడ్డ మీద పొరలా మిగిలిపోతాయి. దానివల్ల పక్కగుడ్డలు తడిని సరిగా పీల్చవు. గంజి అసలే వద్దు. కుంకుడు రసం చెట్టుదే గదా అనుకుంటాం. కాని అది కంట్లో పడితే ఎలా మండుతుందో మనందరికీ తెలుసు. వాడదలిస్తే వడకట్టి పలుచగా వాడండి, దాన్ని కూడా పూర్తిగా జాడించాలి.

మీ ఊరి నీళ్లు కూడా చూసుకోవాలి. పప్పు త్వరగా ఉడకని బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగదు. ఆ నీటిలోని సున్నపు లవణాలతో కలిసి తెట్టులా మారి గుడ్డకు అంటుకుంటుంది. అటువంటి చోట వాసన లేని డిటర్జెంటు కొద్దిగా వాడితే సులువుగా పోతుంది. కాలువ నీళ్లు, వాన నీళ్లు ఉన్నచోట మామూలు సబ్బు చాలు.

బిడ్డవి నాలుగు చిన్న బట్టలైతే అర బకెట్టు నీళ్లకు ఒక చిన్న చెంచా పొడి సరిపోతుంది. పొడి ముందుగా నీళ్లలో పూర్తిగా కరగనిచ్చి, ఆ తర్వాతే గుడ్డలు వేయండి. మలం అంటిన గుడ్డలను ముందు వేరుగా కడిగి వేడినీళ్లలో ఉతకండి. తర్వాత కనీసం మూడు నీళ్లలో జాడించండి. చేతికి జారుడు తగలకూడదు, నీళ్లు తేటగా ఉండాలి. అనుమానమైతే అక్కగారి గిన్నె పరీక్ష చేయండి. ఎండలో ఆరవేయండి. బజారు నుండి తెచ్చిన కొత్త చొక్కాను కూడా ఉతికిన తర్వాతే తొడగండి. ఒక్కమాట, ఉతికే ద్రవాన్ని ఎన్నడూ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచవద్దు. పాకే బిడ్డకు అది ప్రాణాపాయం.

ఇంతకన్నా గట్టిగా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. పెద్దబిడ్డ బట్టలు పెట్టెలో దాచి చిన్నబిడ్డకు తొడగడం మన ఇళ్లలో మామూలే, మంచిదే. కాని ఆ పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు. వాటిలో ఉండే నాఫ్తలీన్ బిడ్డ చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోతుంది. పుట్టుకతో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉన్న బిడ్డలకు అది రక్తంలోని ఎర్రకణాలను విరిచి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పైకి తెలియదు. ఎండిన వేపాకు వేయండి. బిడ్డ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు తాగక మత్తుగా పడి ఉన్నా ఆకు పసరులు వెతకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా అంతే.

ప్రతి పొక్కుకూ సబ్బే కారణమని మేము అనడం లేదు. చెమటకాయలు ఉంటాయి, తడిగుడ్డ మార్చకపోవడం ఉంటుంది. తల్లి తిన్నది బిడ్డకు పడకపోవడం కూడా ఎక్కడో ఉంటుంది, అయితే అది వైద్యుడు చూసి చెప్పవలసిన మాట. పాలిచ్చే తల్లికి గుడ్డు, పప్పు, ఆకుకూర కావాలి.

పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసి, అతనికి చూపు ఇచ్చే పనికి పూనుకున్నాడు. మా ఇంట్లో మేము శిష్యుల వరుసలో నిలబడ్డాం. బట్టలు సరిగా జాడించడం మొదలుపెట్టిన పది రోజుల్లో బిడ్డ ఒళ్లు తేటపడింది. మా అమ్మాయికి గుడ్డు వండిపెట్టి క్షమాపణ అడిగాం. "పోనీలే అమ్మా" అంది.

మీ ఇంట చంటిబిడ్డ ఏడుస్తున్నదా? తల్లిని నిందించకముందు ఒక గిన్నెడు నీళ్లు తెచ్చుకోండి. మన ప్రభువు మీ ఒడిలోని పసివారిని కాపాడును గాక.