వాసెన కట్టిన చెయ్యి

ఏటా వేసవి వెళ్లేలోగా మా అక్కయ్య ఆవకాయ జాడీ ఒకటి పంపుతుంది. వాసెన మీది ముడి చూడగానే అది అక్కయ్య చేతి ముడేనని మా ఆవిడ చెప్పగలదు. కనక సందేహమన్నది లేకుండా విప్పుతాము, వేడన్నంలో కలుపుకుంటాము. ఈ ఏడు జాడీ మోసుకొచ్చినవాడు అక్కయ్య కొడుకు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం వాడికి. ఆవకాయతోబాటు నాకొక భయం కూడా ఇచ్చిపోయాడు.

సంగతేమంటే, 11 ఏళ్లుగా సెలవులు వచ్చినప్పుడల్లా పల్లెలు తిరిగి, ముసలమ్మల నోట దంపుళ్లపాటలూ మంగళహారతులూ పోగుచేస్తున్నాను. పాడినవారిలో సగంమంది ఇవాళ లేరు. ఆ గొంతులూ, నేను రాసుకున్న నోటు పుస్తకాల ఫొటోలూ నా కంప్యూటరులో ఉన్నాయి. నా గొలుసుకట్టు రాతను చదివి అచ్చక్షరాలుగా మార్చే ‘మోడల్’ ఒకటి ఊరికే దొరికిందని శిష్యుడొకడు తెచ్చిపెట్టాడు. ఉత్సాహంగా తెరవబోతూంటే మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“మామయ్యా, ఈ మూట ఎవరు కట్టారు?”

“ఎవరు కడితేనేంరా? తెరిస్తే గదా లోపలేముందో తెలిసేది!”

“చిక్కంతా తెరవడంలోనే ఉంది.”

తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. నాకు తెలిసేలా చెప్పమన్నాను. వాడు చెప్పినదాన్ని నా మాటల్లో మీకు చెబుతున్నాను.

నడుస్తున్న ప్రోగ్రాములోని సరుకును మరోచోటికి పంపాలన్నా, దాచాలన్నా, దాన్ని విప్పదీసి వరసగా మూటకట్టాలి. అది సీరియలైజేషన్. అవతల ఆ మూట విప్పి మళ్లీ యథాతథంగా నిలబెట్టడం డీసీరియలైజేషన్. పైథాన్ భాషలో ఈ పనిచేసే సాధనం పేరు ‘పికిల్’. అంటే ఊరగాయే! నేను పకపకా నవ్వాను. వాడు నవ్వలేదు.

ఈ ఊరగాయలో సరుకు మాత్రమే ఉండదట. దాన్ని తిరిగి ఎలా కూర్చాలో చెప్పే ఆజ్ఞలు కూడా ఉంటాయి. విప్పే సాధనం ఆ ఆజ్ఞలను చదివి ఊరుకోదు, పాటిస్తుంది. మధ్యలో ఎవడైనా ‘ఇంట్లో ఫైళ్లన్నీ చెరిపెయ్యి’ అని ఒక ఆజ్ఞ దూర్చాడా, అదీ పాటిస్తుంది. లోపలేముందో మనం చూసేవేళకు జరగవలసింది జరిగిపోతుంది. నమ్మకం లేని మూటను విప్పవద్దని పైథాన్ వారే తమ గ్రంథంలో హెచ్చరిక రాసిపెట్టారు.

“ఐతే మంచివాళ్లు చేసిన సరుకే వాడితే సరి,” అన్నాను.

“అంత సులువు కాదు మామయ్యా,” అని వాడు 2015 నాటి ముచ్చట ఎత్తుకున్నాడు. ఆ జనవరిలో క్రిస్ ఫ్రోహాఫ్, గేబ్రియల్ లారెన్స్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో జావా భాష గురించి ఒక ఉపన్యాసమిచ్చారు. జావాలో ‘అపాచీ కామన్స్ కలెక్షన్స్’ అని, ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన ఉపకరణాల పెట్టె ఒకటుంది. పేరు చెబితే ఆ పని చేయించేది అందులో ఒక ఉపకరణం. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి అందించేది మరొకటి. విడివిడిగా దేనిలోనూ దోషం లేదు. వాటిని గొలుసుగా గుచ్చి మూటలో పెట్టి పంపితే మాత్రం, విప్పిన కంప్యూటరు పంపినవాడి మాట వింటుంది. ఆ నవంబరులో వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, జెంకిన్స్ వంటి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లమీద ఇదే కిటుకు పారుతుందని మరొకరు చూపించారు.

నన్ను ఆశ్చర్యపరచిన మాట ఇంకొకటి ఉంది. ఆ ఉపకరణాన్ని మన ప్రోగ్రాము ఒక్కసారి కూడా వాడనక్కరలేదట. అటకమీద పడి ఉంటే చాలు! ప్రోగ్రాము రాసేవాడు పదిమంది పనితనాన్ని తెచ్చుకుంటాడు. ఆ పదిమందీ మరో పదిమంది దగ్గర తెచ్చుకుని ఉంటారు. తన అటకమీద ఏముందో ఇంటాయనకే తెలియదు. కామన్స్ వారు ఆ నవంబరులోనే 3.2.2 అని మరమ్మతు చేసిన కూర్పు విడుదలచేశారు. కాని మరమ్మతు తనంతట తాను ఇంటింటికీ నడిచిరాదు గదా! ఎవరి అటక వారే ఎక్కి చూసుకోవాలి.

పదేళ్లు గడిచాయి. పాఠం వంటబట్టిందా? 2025 డిసెంబరులో, వెబ్‌సైట్లు కట్టడానికి లోకమంతా వాడే ‘రియాక్ట్’లో, సర్వరు పక్క పనిచేసే భాగాలలో ఇదే జాతి లోపం బయటపడింది. తీవ్రత పదికి పది మార్కులు! నా విద్యార్థులకు నేనెన్నడూ అన్ని మార్కులు వెయ్యలేదు. మావాడు ఆ వారం రెండు రాత్రులు కన్ను మూయలేదట.

“ఐతే నా రాత గతేమిటిరా?” అన్నాను.

మోడళ్లకు ‘సేఫ్‌టెన్సర్స్’ అనే మూట వేరే ఉందట. అందులో అంకెలే తప్ప ఆజ్ఞలుండవు. మోడల్ తయారుచేసినవారి దగ్గరే ఆ మూట దొరికింది. శిష్యుడు తెచ్చింది మాత్రం చేతులు మారి వచ్చింది. దాన్ని విప్పకుండానే తీసేశాము. పాటలన్నిటికీ నకలు తీసి, వేరే డిస్కులో పెట్టి బీరువాలో దాచాము. ఈ పని నేను 11 ఏళ్ల కిందటే చెయ్యవలసింది.

మర్నాడు శిష్యుడు చిన్నబుచ్చుకున్నాడు. “ఊరికే ఇచ్చినవాళ్లను అనుమానించడం పాపం కాదా మాస్టారూ?” అన్నాడు. ఊరికే ఇచ్చినవారికి దణ్ణం పెట్టవలసిందేనన్నాను. అనుమానం వారిమీద కాదు. వారి చేతినుంచి మన చేతికి వచ్చేలోగా ముడి విప్పి కట్టినవాడెవడైనా ఉన్నాడేమోనని.

ఆ రాత్రి దంపుళ్లపాట ఒకటి పెట్టుకుని విన్నాను. పాడినావిడ పోయి నాలుగేళ్లు. ఆ గొంతు లోకంలో మరెక్కడా లేదు. పాట అయ్యేదాకా మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి విని, తరవాత జాడీ దించింది.

ముడి అక్కయ్యదే. విప్పాము.