చిన్న తుపాకీ, పెద్ద అబద్ధం

"ఆడపిల్లలకీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ చిన్న రివాల్వరే బెస్టు."

ఈ ముక్క నేను డాలస్ లో తుపాకుల కొట్లో సేల్స్‌మన్ నోట విన్నాను. సరిగ్గా ఇదే ముక్క తిరువూరులో మా మావయ్య నోట కూడా విన్నాను. ఇద్దరికీ ముఖపరిచయం లేదు, ఒకరి భాష ఇంకొకరికి రాదు, అయినా ఒకే అబద్ధం ఇంత శ్రద్ధగా ఎలా నేర్చుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. మా మావయ్య జన్మలో దగ్గర్నించి చూసిన తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజానుండే డబుల్ బ్యారెల్, లేదంటే నెమలి తిరునాళ్ళలో బెలూన్లు పేల్చేది. ఆయన్ననుకుని లాభం లేదు. ఆయన కూతురు ఎమ్మెస్ చెయ్యడానికి టెక్సాస్ వస్తోంది. "అక్కడ గన్నులు కూరగాయల్లా అమ్ముతారట కదరా, పిల్లకి హ్యాండుబ్యాగులో పట్టేది ఒక చిన్నది కొనిపెట్టు, మాకూ ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. తండ్రి భయం అది. నా గొడవంతా ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళతోనూ, ఇన్‌స్టాలో రివాల్వర్ పట్టుకుని ఫోజులిచ్చే మన సాఫ్ట్‌వేర్ సింహాలతోనూ.

ముందు అసలు ఆ చిన్న రివాల్వర్ పేలిస్తే ఏమవుతుందో చెప్తాను. గ్రీన్ కార్డు వచ్చాకే రేంజ్ గుమ్మం తొక్కాను (ఎందుకో కింద చెప్తా). నేర్పేవాడు ఒక రిటైర్డ్ పోలీసు. అరగంట సేపు చేతికి ఏమీ ఇవ్వలేదు, నాలుగు సూత్రాలు మాత్రం బట్టీ పట్టించాడు. తుపాకీలో ఎప్పుడూ గుండున్నట్టే లెక్క. కాల్చదల్చుకోని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. లక్ష్యం వెనకేముందో చూసుకో. ఆ తరవాత చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు, ఏడు గజాల దూరంలో కాగితం బొమ్మ. ఏడు గజాలంటే మన అపార్టుమెంట్లో వంటింటి గట్టు నించి వీధి గుమ్మం దాకా, అంతే.

మొదట రూగర్ ఎల్‌సీఆర్ .22 ఇచ్చాడు. ఎనిమిది గుళ్ళు పడతాయి, బరువు నాలుగొందల గ్రాములకి కాస్త పైన. టప్ టప్ మని పేలింది, చెయ్యి పెద్దగా కదల్లేదు, ఎనిమిదీ అన్నం కంచమంత మేరలో పడ్డాయి. మనవాడిలో మెల్లిగా సినిమా హీరో నిద్ర లేచాడు :-)

తరవాత స్మిత్ అండ్ వెసన్ 642. ఇదీ సుమారు అదే బరువు, గొట్టం రెండంగుళాలకి కాస్త తక్కువ, అయిదు గుళ్ళు, కానీ .38 స్పెషల్. హ్యాండుబ్యాగు రివాల్వర్ అంటే అమెరికాలో అందరికీ గుర్తొచ్చేది ఇదే. మొదటి గుండుకి పిడి అరచేతిని ఎవరో బెత్తంతో కొట్టినట్టు చరిచింది. మఫ్‌లున్నా గూబ గుయ్యిమంది, ముక్కునిండా దీపావళి మర్నాటి వాసన. అయిదు గుళ్ళలో రెండు బొమ్మ మీద, ఒకటి కాగితం అంచున, మిగతా రెండూ ఎటు పోయాయో ఆ పైవాడికే తెలియాలి.

అప్పుడు మా గురువు ఒక తమాషా చేశాడు. నన్ను అటు తిరగమని, చక్రంలో రెండు మంచి గుళ్ళ మధ్య మధ్యలో కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టిచ్చాడు. ఏది నిండుదో ఏది ఖాళీదో నాకు తెలీదు. ట్రిగ్గర్ నొక్కాను, 'టిక్' అంది, గుండు లేదు. కానీ గొట్టం అంగుళంన్నర కిందికి వంగింది! పేలుతుందన్న భయానికి ఒళ్ళు ముందే బిగుసుకుని చేతిని కిందికి తోసేసిందన్నమాట. రివాల్వర్ పట్టిన ప్రతి కొత్తవాడికీ ఇదే జరుగుతుందిట, దీన్ని వదిలించుకోడానికే నెలలు పడుతుందిట.

మనం ఇంజనీర్లం కదా, లెక్కేసుకుందాం. ఈ రకం రివాల్వర్ కి ట్రిగ్గర్ బరువు సుమారు పన్నెండు పౌన్లు, అంటే అయిదున్నర కేజీలు. తుపాకీ బరువు నాలుగొందల గ్రాములు. తన బరువుకి పదమూడు రెట్ల బలంతో లాగితే వస్తువు కదలకుండా ఎలా ఉంటుంది? ఒలింపిక్స్ లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కి ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములుంటే చాలు, పిస్టల్ మాత్రం కిలోన్నర దాకా ఉండొచ్చు. అంటే ఏళ్ళ తరబడి సాధన చేసి, 2023 లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ లాంటి వాళ్ళకి బరువైన పిస్టలూ తేలికైన ట్రిగ్గరూను. నిన్నటిదాకా తుపాకీ ముట్టని మా మావయ్య కూతురికేమో తేలికైన పిస్టలూ బరువైన ట్రిగ్గరూను. ఇది ఎవడి తెలివండీ?

ఇంకోటి. గొట్టం పొట్టిది కాబట్టి ముందు గురిపుల్లకీ వెనక గాడికీ మధ్య దూరం పది సెంటీమీటర్ల చిల్లర. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఏడు మీటర్ల దగ్గర ఏడు సెంటీమీటర్లు తేడా. ఇక దెబ్బ సంగతంటారా, గుండు ముందుకెళ్ళే వేగానికి తుపాకీ వెనక్కి తన్నాలి, న్యూటన్ ఊరుకోడు. కిలో బరువుండే పాత పోలీసు రివాల్వర్ ఎంత వేగంతో తంతుందో, అదే గుండుకి ఈ పిల్ల రివాల్వర్ దానికి రెండున్నర రెట్ల వేగంతో తంతుంది. చిన్నది కాబట్టి సులువు అనుకోవడం, చిన్న కోడ్ కాబట్టి బగ్గులుండవు అనుకోవడం లాంటిదే. చిన్న రివాల్వర్ ఆరితేరినవాళ్ళు వాడే వస్తువు, దాన్ని మొదటి పాఠంగా అమ్ముతున్నారు.

సరే, ఇదంతా రేంజ్ లో. ఏసీ ఉంది, వెలుతురుంది, కాగితం బొమ్మ కదలదు, తిరిగి కాల్చదు. వీధిలోనో? న్యూయార్క్ పోలీసుల మీద రాండ్ సంస్థ 2008 లో ఒక నివేదిక ఇచ్చింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసుల గుళ్ళలో తగిలినవి 18 శాతం. ఎదుటివాడు కాల్చకపోయినా 30 శాతం. జీతం తీసుకుని శిక్షణ పొందినవాళ్ళ సంగతే ఇది! అయిదు గుళ్ళలో 18 శాతం అంటే ఒకటి కూడా నిండదు. మరి మిగతా నాలుగూ ఎక్కడికి పోతాయి? పక్కింటి గోడకి, లేదా గోడ అవతల ఉన్నవాళ్ళకి.

ఇదే సరుకు మన దేశంలోనూ అమ్మారు. 2012 ఢిల్లీ దారుణం జరిగాక, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అని ఒక రివాల్వర్ తెచ్చింది. .32 బోరు, అర కేజీ బరువు, ధర 1,22,360 రూపాయలు. నగలపెట్టెలాంటి పెట్టెలో పెట్టి, మహిళల కోసమే అన్నారు. ఆ అమ్మాయిని దేశం పిలుచుకున్న పేరుని తుపాకీకి తగిలించి లక్షా ఇరవై వేలకి అమ్మడం... దీనికి నాకు తెలుగులో మర్యాదైన మాట దొరకలేదు. మణిపూర్ లో తుపాకీ బాధిత మహిళల కోసం పనిచేసిన బీనాలక్ష్మి నెప్రమ్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఎవరు విన్నారు? ఏటా ఎన్‌సీఆర్‌బీ లెక్కలు తిరగేస్తే, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టమో, పొరుగువాడో, పెళ్ళి చేసుకుంటానన్నవాడో, పైఅధికారో. పండక్కొచ్చిన బాబాయి మీదకి రివాల్వర్ ఎప్పుడు తియ్యాలో ఆ పెట్టెతో పాటు కాగితమేమైనా రాసిచ్చారా?

మా మావయ్య దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది. "తెల్లవాడు 1878 లో ఆయుధాల చట్టం పెట్టి మన చేతులు కట్టేశాడు, అల్లూరి తుపాకులు పట్టలేదూ?" పట్టారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి పోలీసుల తుపాకులు ఎత్తుకెళ్ళారు. అది ఒక ప్రభుత్వం మీద మన్యం జనం కలిసి చేసిన యుద్ధం. పార్కింగ్ లాట్ లో ఒంటరిగా నడిచే పిల్ల హ్యాండుబ్యాగుకీ దానికీ పోలికేంటి మావయ్యా? 1959 చట్టం కింద లైసెన్సున్న మన ఊరి పెద్దమనుషులు కూడా ఎన్నికలొస్తే తుపాకీ పట్టుకెళ్ళి స్టేషన్లో అప్పజెప్పి రావాల్సిందే. ఎందుకంటే కోపం వచ్చే రోజుల్లో అది ఇంట్లో ఉండకూడదని అందరికీ తెలుసు.

ఇక అమెరికా. 2017 ఫిబ్రవరి 22 న కాన్సస్ లోని ఒలేత్ లో బార్ లో కూర్చున్న మన ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒక జాత్యహంకారి కాల్చి చంపాడు. ఆ వారమంతా మనవాళ్ళ నోట ఒకటే మాట, "మనం కూడా గన్నులు కొనాలి". ఆ వచ్చినవాడు ముందు గొడవపడి, బయటికి పంపిస్తే వెళ్ళి, తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. ఆఫీసయ్యాక స్నేహితుడితో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న మనిషి ఏ క్షణంలో బ్యాగు జిప్పు తియ్యాలి? పైగా టెక్సాస్ లో అయితే మద్యం మీదే ప్రధానంగా బతికే బార్ లోకి తుపాకీ తీసుకెళ్ళడమే నేరం. 2023 మే 6 న మా డాలస్ పక్కనే ఆలెన్ మాల్ లో ఎనిమిది మందిని చంపారు, అందులో ఒక తెలుగమ్మాయి, ఆమే ఇంజనీరే. చంపినవాడి చేతిలో ఏఆర్ రకం రైఫిలు. వాణ్ణి ఆపింది వేరే పని మీద అక్కడికొచ్చిన పోలీసు, ఆయన చేతిలోనూ రైఫిలే. రెండంగుళాల గొట్టంతో ఈ లెక్కలో ఎక్కడ నిలబడతారో చెప్పండి.

ఇప్పుడు ఫోటోల సింహాల దగ్గరికొద్దాం. బాబూ, హెచ్-1బి మీదో ఎఫ్-1 మీదో ఉన్నావా? నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ గుళ్ళు గానీ కలిగి ఉండకూడదని 1998 నించీ ఫెడరల్ చట్టం ఉంది. కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉన్నా 'కలిగి ఉండటమే', రేంజ్ లో గంటకి అద్దెకి తీసుకున్నా సరే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి లేకుండా పట్టుకుంటే 2022 సవరణ తరవాత పదిహేనేళ్ళ దాకా జైలు, దేశం నించి పంపెయ్యడానికి వేరే సెక్షను. "కౌంటర్లో వాడు ఏమీ అనలేదు కదన్నా" అంటారు. వాడు నీ లాయరా? నువ్వు సంతకం పెట్టిన కాగితంలో 'నేను నిషేధిత వ్యక్తిని కాను' అని ఉంటుంది, చదివావా? లైక్ బటన్ ఒత్తే ప్రతి మూడోవాడూ ఐటీవాడే, ఐ-140 అప్రూవ్ అవడానికి దేవుళ్ళందరికీ మొక్కుకునేవాడే, సాక్ష్యం మాత్రం తేదీ, చోటూ, మొహంతో సహా తనే అప్‌లోడ్ చేస్తాడు! క్లయింటు డేటా లాప్‌టాప్‌లో పెట్టుకోడానికి వంద అనుమతులడిగే జాతి మనది, ఇక్కడ మాత్రం వాట్సాప్ లో ఎవడో "ఏం పర్లేదు బ్రో" అంటే చాలు.

ఆ గ్రూపుల్లోనే ఇంకో చిట్కా తిరుగుతుంది: "ఆన్‌లైన్ లో వేట లైసెన్సు తీసుకో, కొనేసుకో." చట్టం ఒప్పుకుంటుందనుకుందాం. జింకల లైసెన్సుతో తెచ్చింది మంచం పక్క సొరుగులోకి ఎందుకొచ్చినట్టు? 2024 నవంబర్లో అట్లాంటాలో మన తెలుగు కుర్రాడొకడు, తన పుట్టినరోజు నాడే, వేటకని కొన్న తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి పోయాడని వార్తలొచ్చాయి. ఇరవై మూడేళ్ళు. పక్కగదిలో స్నేహితులున్నారు. ఏ దొంగా రాలేదు, ఏ జాత్యహంకారీ రాలేదు.

ఆ సొరుగు గురించి ఎవరూ మాట్లాడని లెక్క కూడా చెప్తాను. 2021 లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. వాళ్ళలో 26,328 మంది ఆత్మహత్యలే, అంటే సగానికి పైనే. ఉద్యోగం పోయి, అరవై రోజుల గ్రేస్ పీరియడ్ రోజుకొకటి చొప్పున కరిగిపోతూ, ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బావుంది నాన్నా" అని చెప్పే కుర్రాళ్ళు మీకు తెలీదా? నాకు తెలుసు. అలాంటి రాత్రి ఒకటి గడిచిపోతే మర్నాడు పొద్దున్న మనిషి ఎలాగోలా లేచి కాఫీ పెట్టుకుంటాడు. చేతికందే దూరంలో ఆ వస్తువుంటే ఆ రాత్రి గడవదు. ఏడు గజాల దూరంలో కాగితానికి తగలని తుపాకీ అక్కడ మాత్రం గురి తప్పదు.

మావయ్యకి ఫోన్ చేసి కొననని చెప్పాను. పిల్లకి మాత్రం మూడు నంబర్లు ఫోన్లో వేసిచ్చాను: 911, కాలేజీ క్యాంపస్ పోలీసులది (చాలా చోట్ల రాత్రిపూట లైబ్రరీ నించి ఇంటిదాకా తోడొస్తారు, అడగాలంతే), ఇంకోటి 988. మూడోది ఎందుకని అడిగింది. మనసు బాగోనప్పుడు ఏ వేళకైనా చెయ్యొచ్చు, 2022 జూలై నించి దేశమంతా పనిచేస్తోంది, వీసా ఏంటని అడగరు అని చెప్పాను.