ముందు బంతి, కడ బంతి

"కంపెనీల ఆస్తులమీద బ్యాంకుల తనఖాలు ఎక్కడ నమోదవుతాయో, ఎన్ని రోజుల్లో నమోదవుతాయో అదంతా ప్లీడర్ల గొడవ. తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి దానితో ఏం పని?" అని మా కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధించే మిత్రుడొకరు నన్ను ఎగతాళి చేశారు. ఆయనే మరొక మాట కూడా అన్నారు: "తనఖాలన్నీ బహిరంగంగా రిజిస్టరులో ఉన్నాయి. చూసుకోకుండా డబ్బు పెట్టినవాడిదే తప్పు."

మొదటి మాటకు జవాబు సులభం. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"లో ప్లీడర్లూ కోర్టులూ దస్తావేజులూ లేకపోతే నాటకమే లేదు. కాగితం ఎవరి పక్షాన మాట్లాడుతుందో గురజాడకు తెలుసు. మనకు తెలియనవసరం లేదనడం సాహిత్యంపట్ల గౌరవం కాదు, బద్ధకం.

రెండవ మాట ప్రమాదకరమైనది. దానిని పరిశీలిద్దాం.

మదుపు సంస్థ అంటే ఏమిటి? పదిమంది దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి, వాటితో షేర్లూ బాండ్లూ కొనే సంస్థ. 1868లో లండనులో పుట్టిన ఫారిన్ అండ్ కలోనియల్, పెద్ద ధనికులకున్న సౌకర్యాన్నే మధ్యతరగతి మదుపరికీ కలిగిస్తానని చెప్పుకొంది. పదకొండేళ్లకు, 1879లో, అది కంపెనీ అయింది. ఇటువంటి కంపెనీలు జనం డబ్బుతో కొన్న షేర్లనే హామీగా చూపి బ్యాంకుల దగ్గర అప్పు తెస్తాయి. ఇంగ్లీషువారు ఫ్లోటింగ్ ఛార్జి అనే హామీని కనిపెట్టారు. అది ఈనాడున్న ఆస్తినీ రేపు రాబోయే ఆస్తినీ కూడా కమ్ముకుంటుంది.

ఆ హామీ ఎంత పని చేయగలదో సాలమన్ వ్యాజ్యం చూపించింది. చెప్పుల వ్యాపారి సాలమన్ తన దుకాణాన్ని తన కంపెనీకే అమ్మి, ఆ కంపెనీ ఆస్తిమీద తనకే తనఖా రాయించుకొన్నాడు. కంపెనీ దివాలా తీసింది. సరుకు అరువిచ్చినవారికి దక్కింది శూన్యం. 1896 నవంబరులో ప్రభువుల సభ అదంతా చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది. తీర్పు చెప్పిన మెక్నాటన్ ప్రభువే ఇది సిగ్గుచేటని ఒప్పుకొన్నాడు. 1900 చట్టంతో తనఖాల రిజిస్టరు వచ్చింది. 1913లో అదే పద్ధతి మన కంపెనీల చట్టంలోకి దిగుమతి అయింది. నేడు ఇంగ్లండులో గడువు 21 రోజులు. మన 2013 చట్టం 77వ సెక్షను ప్రకారం 30 రోజులు, రుసుము కడితే మరికొంత. నమోదుకాని తనఖాను లిక్విడేటరు లెక్కలోకి తీసుకోడు.

బాగానే ఉంది. కాని ఈ రిజిస్టరు ఎవరిని కాపాడుతుంది? ఒక బ్యాంకును మరొక బ్యాంకునుంచి కాపాడుతుంది. అది వరుసను చూపిస్తుందేగాని మార్చదు. ముందు బంతిలో ఎవరు కూర్చున్నారో గోడమీద రాసిపెట్టినంతమాత్రాన కడ బంతివాడి ఆకులో అన్నం పడుతుందా? మదుపు కంపెనీలో వాటా కొన్న ఉపాధ్యాయుడు పేరుకు యజమాని. పంపకంనాడు మాత్రం అందరికంటే చివరివాడు.

పోనీ, గోడమీద రాతైనా పూర్తిగా ఉందా? 2003లో ఇంగ్లండు చేసుకొన్న ఫైనాన్షియల్ కొలేటరల్ నిబంధనల ప్రకారం, కుదువపెట్టినవి నగదు, షేర్లు, బాండ్లు అయి, వాటిమీద ఋణదాతకు స్వాధీనమో అదుపో ఉంటే నమోదు చేయకపోయినా ఆ తనఖా చెల్లుతుంది. మదుపు కంపెనీకి ఉండే ఆస్తి ముఖ్యంగా అవే! యంత్రం తాకట్టు పెట్టిన చిన్న కర్మాగారం నమోదు చేయాలి, కోట్ల విలువగల షేర్లకు మినహాయింపు. బజారు వేగంగా నడవాలి గనుక ఇది అవసరమంటారు. ఎవరి వేగం కోసం ఎవరి కళ్లు కట్టాలి? అనుమానమున్నచోట ప్లీడర్లు ఎందుకైనా మంచిదని నమోదు చేయిస్తూనే ఉంటారన్నది నిజమే. అది వారి జాగ్రత్త, మన హక్కు కాదు.

నాకు చదువు చెప్పిన తెలుగు పండితులొకరు పదవీ విరమణ డబ్బు ఒక ఫైనాన్సు కంపెనీలో డిపాజిట్ చేశారు. కంపెనీ మూతపడ్డాక ఆయనకోసం ఆ రిజిస్టరు నేను చూశాను. తనఖాలన్నీ గడువులోనే, ఇంగ్లీషులో, ఏ లోపం లేకుండా నమోదై ఉన్నాయి. "అయితే తప్పు ఎవరిదీ కాదన్నమాట" అన్నారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వాణిజ్యశాస్త్ర మిత్రుడి దగ్గరుందా?

2016 దివాలా చట్టం 53వ సెక్షను కార్మికుల 24 నెలల బకాయిలను, తనఖా వదులుకొన్న ఋణదాతతో సమానంగా నిలిపింది. ఇది పోరాడి నిలుపుకోవలసిన హక్కు. హామీలేని డిపాజిటుదారు మాత్రం ఆ కింది మెట్టుమీదే ఉన్నాడు. ఇంగ్లండులో 2002 చట్టం ఫ్లోటింగ్ ఛార్జి సొమ్ములోంచి హామీలేని ఋణదాతలకు కొంత భాగం వేరు చేయించింది. దాని గరిష్ఠ పరిమితి 2020నుంచి 8 లక్షల పౌండ్లు. అంటే వరుస దైవనిర్ణయం కాదు, మనుషులు రాసినది, తిరిగి రాయగలిగినది.

కనుక మనం అడగవలసినవి మూడు. షేర్లమీది తనఖాకు ఎక్కడా మినహాయింపు ఉండకూడదు. డిపాజిటు పత్రంమీదే, మొదటి పుటలో, తెలుగులో, ఆస్తి ఎంతవరకు తాకట్టులో ఉందో అచ్చువేయాలి. తనఖా సొమ్ములో చిన్న మదుపరులకు ఒక భాగం చట్టమే కేటాయించాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇక్కడ వడ్డించేవాడు మనవాడు కాడు. అందుచేత బంతుల వరుస గురించే మాట్లాడక తప్పదు.